బోస్టన్ రేవులో మన టీపొడి

మా బడిలో చరిత్ర టీచరు పోస్టు ఒకటి ఖాళీ అవుతోందని నాకు మొదట తెలిసింది జిరాక్స్ మెషీన్ దగ్గర. నేను ఆ బడిలో టీచర్ని కాను, టీచింగ్ అసిస్టెంటుని. చదువులో కాస్త వెనకబడిన పిల్లవాడి పక్కన కూర్చుని, ముందు నిలబడ్డ టీచరు చెప్పేదాన్ని వాడికి మళ్ళీ మెల్లగా చెప్పడం నా పని. లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో మూడేళ్ళుగా అదే చేస్తున్నాను. అంతకుముందు కావలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పదకొండేళ్ళు సోషల్ టీచర్ని. అరవైమంది పిల్లల ముందు గొంతెత్తి పాఠం చెప్పినదాన్ని, ఇక్కడికొచ్చి ఒక్కడి చెవిలో గొణుగుతున్నాను.

జీతం గురించి నాకు పెద్ద దిగులు లేదు. ఇంట్లో ఒక ఐటీ ఉద్యోగం ఉంది, తిండికి లోటు లేదు. మా ఊళ్ళో కూరగాయలమ్మే ఆమె కూడా నన్ను “టీచరమ్మా” అని పిలిచేది. బస్సెక్కితే కండక్టరు ఎవరో ఒకర్ని లేపి సీటిప్పించేవాడు. ఇక్కడ పిల్లలు బడిలో ఆడవాళ్ళందర్నీ “మిస్” అంటారు. నేనూ మిస్సే, క్యాంటీన్లో చిప్స్ వడ్డించే ఆవిడా మిస్సే. మర్యాదకు లోటు లేదు గానీ, నాకు వచ్చిన ఒక్క పనీ నా చేతిలోంచి జారిపోయిందన్న ఉక్రోషం మాత్రం లోపల రగులుతూనే ఉండేది. ఇక్కడ పాఠం చెప్పడానికి కావలసిన అర్హత తెచ్చుకోవడానికి నానా తంటాలు పడ్డాను. ఈ పోస్టు కూడా రాకపోతే ఇక ఈ దేశంలో నేను మళ్ళీ టీచర్ని కాలేనని తేల్చుకుని దరఖాస్తు పెట్టాను. అప్పటికి నా వయసు నలభై నాలుగు.

ఇంటర్వ్యూకి పిలిచారు. నాతో పాటు ఇంకొక్కతే, నిన్నో మొన్నో చదువు ముగించిన అమ్మాయి. ఇక్కడి పద్ధతిలో టీచరు ఇంటర్వ్యూ అంటే ఉత్తుత్తి మాటలు కాదు. నిజం క్లాసులో, నిజం పిల్లలకు, ముప్పై అయిదు నిమిషాలు పాఠం చెప్పాలి. వెనక పెద్దవాళ్ళు కూర్చుని రాసుకుంటారు. చెప్పాల్సిన పాఠం ముందే మెయిల్లో పంపారు: అమెరికాలోని పదమూడు వలస రాజ్యాలు బ్రిటన్ మీద ఎందుకు తిరగబడ్డాయి, కొత్త దేశంగా ఎలా ఏర్పడ్డాయి.

మెయిలు చూసి పైకే నవ్వాను. ఆ పాఠం నాకు కొట్టిన పిండి. ఏటా తొమ్మిదో తరగతికి చెప్పినదే. ఇంగ్లండు పిల్లలకు ఇంగ్లండు ఎలా ఓడిపోయిందో చెప్పడానికి కావలినుంచి మనిషి రావలసి వచ్చిందన్నమాట అనుకున్నాను. అప్పుడు నాకు పొగరుగానే ఉంది.

కావలి దగ్గర నేను ఆ పాఠం చెప్పే తీరు ఒకటుంది. మన బళ్ళల్లో చదివిన వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. టీచరు వాక్యాన్ని సగంలో ఆపి, చివర గొంతు పైకి లేపుతుంది. మిగతాది క్లాసంతా ఒక్క గొంతుతో పూర్తి చేస్తుంది. “పార్లమెంటులో తమ మనిషి ఒక్కడూ లేకుండా వేసే పన్నుల్ని వలసవాళ్ళు...?” “కట్టం అన్నారు టీచర్!” “బోస్టన్ రేవులో టీ పెట్టెల్ని సముద్రంలోకి...?” “విసిరేశారు టీచర్!” పక్క గదిలో లెక్కల మాస్టారు చెప్పే పాఠం మా అరుపుల్లో కొట్టుకుపోయేది. ఆయన హెడ్మాస్టారికి ఫిర్యాదు చేసిన రోజున నాకు మరీ ఉత్సాహంగా ఉండేది.

ఆ పాఠంలో నా సొంత చేర్పు కూడా ఒకటుంది. సముద్రంలో పడేసిన టీ ఎక్కడిదో మా పుస్తకంలో ఉండేది కాదు. ఆ సరుకు ఈస్టిండియా కంపెనీదని మాత్రం ఉండేది. కంపెనీ పేరులోనే ఇండియా ఉంది, టీ అంటే అస్సాం, ఇంకేం కావాలి? అది మన టీయే అని పిల్లలకు చెప్పేదాన్ని. అమెరికా స్వాతంత్ర్యానికి నిప్పంటించింది మన దేశపు ఆకు అని చెబితే, వెనక బెంచీలో నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు. “మన టీ టీచర్!” అని అరిచేవాళ్ళు. అంత బాగా పండిన మాటను ఎవరైనా సరిచూసుకుంటారా? నేను చూసుకోలేదు.

ఇంటర్వ్యూకి ముందు ఆదివారం వంటింట్లో పాఠం వల్లె వేశాను. మా ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర ఎనిమిదో తరగతి పిల్లవాడిగా కూర్చున్నారు. మూడో నిమిషంలోనే ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు, ఆ రకంగా పాత్రకు న్యాయం చేశారు.

“బానే ఉంది. ఎవరన్నా డౌటడిగితే కంగారుపడబాకు. గుడ్ క్వశ్చన్ అని, లాస్ట్‌లో చెప్తానను. లాస్ట్‌కి ఎట్టాగూ టైం ఉండదు” అన్నారు.

“ఆఫీసులో మీరు చేసే పని అదేనా?”

“మరేందనుకున్నావ్. దానికే గదా జీతం ఇచ్చేది.”

మాంచెస్టర్‌లో చదువుకుంటున్న మా అబ్బాయి ఫోనులో ఇంకో సలహా ఇచ్చాడు. “అమ్మా, ఆ హాఫ్ సెంటెన్స్ థింగ్ మాత్రం చెయ్యకు, ప్లీజ్. ఇక్కడ ఎవరూ ఆన్సర్ చెయ్యరు. ఇట్స్ వియర్డ్” అన్నాడు. నాకు తెలియదా? మూడేళ్ళుగా అదే బడిలో వెనక కూర్చుని చూస్తున్నాను. ఇక్కడ టీచరు ప్రశ్న వేసి ఆగుతుంది, తెలిసినవాళ్ళు చెయ్యెత్తుతారు, ఎత్తినవాళ్ళలో ఒక్కరు చెబుతారు. చెయ్యనులే అన్నాను.

అదే వారం ఇండియన్ షాపులో కరివేపాకు దగ్గర ఒకావిడ కలిసింది. వాళ్ళది అనంతపురం. మేం తెలుగువాళ్ళం కాబట్టి నెలకోసారైనా ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటాం. వాళ్ళమ్మాయి మా బడిలోనే, నేను పాఠం చెప్పబోయే క్లాసులోనే ఉంది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఆవిడకు ఇంటర్వ్యూ సంగతి చెప్పాను.

“అట్లయితే నువ్వేం భయపడాకు అక్కా. మా పాపకు చెప్తాలే, ఆంటీ ఏమడిగినా గట్టిగా చెప్పు అని. ఉద్యోగం నీకే వచ్చాది” అంది ఆవిడ.

పైకి వద్దులే అన్నాను గానీ, ఆ మాట నాకు ధైర్యంగానే అనిపించింది.

ఇంటర్వ్యూ రోజు స్టీలు డబ్బాలో అస్సాం టీపొడి పోసుకుని తీసుకెళ్ళాను. గదిలో వెనక రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో చరిత్ర విభాగం హెడ్ కూర్చుంది. త్వరలో రిటైరు కాబోయే స్కాట్లండు ఆవిడ, మాట తక్కువ. రెండోదాంట్లో డిప్యూటీ హెడ్, ఆయన ముఖంలో ఏమీ కనిపించదు. పిల్లలకు నేను కొత్త కాదు, కానీ నన్ను ముందు నిలబడి చూడటం కొత్త. నేనెవరి పక్కన కూర్చుంటానో ఆ అబ్బాయి నాకు చెయ్యి ఊపాడు.

టీ డబ్బా మూత తీసి మొదటి బల్ల దగ్గర ఇచ్చాను. వాసన చూసి పక్కవాళ్ళకు ఇవ్వమన్నాను. “ఈ వాసన మా దేశంది. రెండున్నర శతాబ్దాల కింద బోస్టన్ రేవులో నీళ్ళలో కలిసింది ఇదే. ఎందుకు కలిసిందో ఇవాళ చూద్దాం” అన్నాను. పిల్లలు డబ్బాలో ముక్కులు పెట్టారు. ఒకడు తుమ్మాడు. గదిలో నవ్వులు. మొదలు బాగుందని నాకే తెలిసింది.

ఇక్కడి పిల్లల్లో ఒక సంగతి ముందే గమనించాను. ఆ కథలో వాళ్ళు “మనం” అనేది బ్రిటన్ని. “మనం ఎందుకు వాళ్ళమీద పన్ను వేశాం?” అని అడిగిన అబ్బాయి తాతది ఘనా. “మనం చేసిన యుద్ధాలకు ఖర్చయిందిగా, అందుకు” అని వాడికి చెప్పిన పిల్ల వాళ్ళ అమ్మానాన్నలు పోలండు నుంచి వచ్చారు. కావలి పిల్లలకు “మనం” అంటే పదమూడు వలసలు. వాళ్ళెవరో, ఎలా ఉంటారో తెలియకపోయినా, దొరల మీద తిరగబడ్డారు కాబట్టి మనవాళ్ళే. అదే పాఠం, ఇటునుంచి చూస్తే వేరే ఇంట్లో జరిగినట్టుంది.

పన్నుల దగ్గరికి వచ్చేసరికి నాకు ఊపొచ్చింది. బోర్డు వైపు తిరిగి ఏదో రాస్తూ, ఇంగ్లీషులోనే, “పార్లమెంటులో తమ తరఫున మాట్లాడే మనిషి ఒక్కడూ లేడు, కాబట్టి ఈ పన్నుల్ని మేము...?” అన్నాను.

నా గొంతు పైకి లేచి అలాగే ఉండిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ముప్పైమంది పిల్లలు, నేను ఏం మర్చిపోయానో గుర్తు చేసుకుంటానని మర్యాదగా ఎదురుచూస్తున్నారు. చెయ్యనని మాటిచ్చిన పనే చేశాను.

అప్పుడు మూడో వరసలోంచి అనంతపురం పిల్ల, “కట్టం!” అని ఇంగ్లీషులో గట్టిగా అరిచింది. వాళ్ళమ్మ చెప్పి పంపింది కదా. పిల్లలందరూ ఆమె వైపు తిరిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. “అదీ! మా బడిలో ఇలాగే. నేను సగం చెబుతాను, మిగతా సగం మీరు. ఎంత గట్టిగా అరిస్తే అంత మంచిది” అన్నాను. పిల్లలకు అరవమని చెప్పడం కంటే మంచి వార్త ఏముంటుంది? రెండో వాక్యానికి పదిమంది కలిశారు, మూడోదానికి అందరూ. స్టాంపు పన్నును రద్దు చేసేదాకా ఇంగ్లండు సరుకులు...? “కొనం!” రాజుగారి సిపాయిలను తమ ఊళ్ళో...? “ఉండనివ్వం!” వాట్‌ఫర్డ్‌లో ఆ గదిలో ఇరవై నిమిషాలు నేను కావలిలో ఉన్నాను. వెనక హెడ్ రాసుకుంటూనే ఉంది. ఉద్యోగం నాదే అనుకున్నాను. సంతోషంతో ఒళ్ళు తేలిపోయింది.

టీ పెట్టెలు సముద్రంలో పడ్డాయి. “ఆ టీ ఎవరిది?” అని నేనే అడిగి, నేనే చెప్పాను, “మాది. ఇండియాది.”

అనంతపురం పిల్ల చెయ్యెత్తింది. “మిస్, ఇండియాలో ఎక్కడ?” అని అడిగింది. నాకు సాయం చేద్దామనే అడిగింది, ముఖం చూస్తే తెలుస్తోంది. మన దగ్గరదేమోనని ఆశ కూడా ఉన్నట్టుంది.

“అస్సాం.”

ఆ పిల్ల నొసలు ముడిచి నా వెనక గోడకేసి చూసింది. “కానీ మిస్, అస్సాంలో బ్రిటిష్‌వాళ్ళు టీ వెయ్యడం మొదలుపెట్టింది పద్దెనిమిది వందల ముప్పైల్లో కదా. లాస్ట్ టర్మ్ చేశాం. ఇది పదిహేడు వందల డెబ్బై మూడు. అరవై ఏళ్ళు ముందు.”

వెనక్కి తిరిగాను. గోడమీద పోయిన టర్ములో పిల్లలు గీసిన పోస్టర్లున్నాయి. సరిగ్గా నా తల వెనక ఉన్నది ఆ పిల్ల గీసిందే: పెద్ద టీ కుండ, అస్సాం బొమ్మ, పక్కన సంవత్సరం. ఆ పోస్టర్లన్నీ గోడకు అంటించింది నేనే. అంటించడం నా పని, చదవమని ఎవరూ నాకు చెప్పలేదు.

మన టీచర్ల దగ్గర ఇలాంటప్పుడు వాడే బ్రహ్మాస్త్రం ఒకటుంది. నా చిన్నప్పటి మాస్టార్లు వాడారు, నేనూ వాడాను. బోర్డుమీద తప్పు దొర్లి, ఏ పిల్లో ఎత్తి చూపితే, తాపీగా చాక్‌పీసు కింద పెట్టి, “శభాష్. మీరు గమనిస్తున్నారో లేదో చూద్దామని కావాలనే అలా చెప్పాను” అనాలి. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వెనక హెడ్ పెన్ను ఆపి నన్నే చూస్తోంది.

నా అవస్థ ఆ పిల్లకు నాకంటే ముందే అర్థమైంది. ఎర్రబడ్డ ముఖంతో, గొంతు తగ్గించి, “మే బీ మీరు మమ్మల్ని టెస్ట్ చేస్తున్నారేమో, మిస్?” అంది.

తెలుగింటి పిల్ల కదా. ఆ అస్త్రం వాళ్ళింట్లోనూ ఉండి ఉంటుంది. మునిగిపోతున్న నాకు చెయ్యి అందించింది. పట్టుకుంటే చాలు, బయటపడతాను. కానీ పట్టుకుంటే, తనకు నిజమని తెలిసినదాన్ని ఆ పిల్ల నాకోసం మింగేసినట్టే. నాకు ఒళ్ళుమండింది, ఆమె మీద కాదు, నా మీద.

“లేదు. నేను టెస్ట్ చెయ్యలేదు. నేను చెప్పింది తప్పు. ఆ టీ ఎక్కడిదో నాకు తెలియదు” అన్నాను.

వెనకనుంచి హెడ్, “చైనా” అంది మెల్లగా. అంతే అంది.

ఆ తర్వాత జరిగిందాన్ని పాఠం అనాలో తిరుగుబాటు అనాలో ఇప్పటికీ తెలియదు. టీచరు ఒక సంగతి తప్పు చెప్పిందంటే మిగతావన్నీ ఒప్పని నమ్మకమేమిటి? చేతులు లేచాయి. టీ ధర పెరిగినందుకు కోపమొచ్చిందా, తగ్గినందుకా? కంపెనీ కోసం పార్లమెంటు చేసిన కొత్త చట్టంతో టీ చవకైంది కదా, మరెందుకు విసిరేశారు? టీ పారెయ్యడానికి ఆ దేశపు మూలవాసుల వేషాలు వేసుకుని ఎందుకు వెళ్ళారు, వాళ్ళనడిగి వేసుకున్నారా? పొలాల్లో పనిచేసే బానిసలకు స్వాతంత్ర్యం ఇచ్చారా? స్వాతంత్ర్యం వద్దన్నవాళ్ళు ఎవరూ లేరా? ఉంటే వాళ్ళనేం చేశారు? నేను గుసగుసలు చెప్పే అబ్బాయి కూడా చెయ్యెత్తాడు. మూడేళ్ళలో వాడు క్లాసు ముందు నోరు విప్పడం నేను చూడలేదు. “మిస్, వాళ్ళంతా ఇంగ్లీషువాళ్ళే కదా. సొంతవాళ్ళ మీద ఎలా తిరగబడ్డారు?” అన్నాడు.

తెలిసినవాటికి చెప్పాను. చవకైనా సరే, అడక్కుండా వేసే పన్ను పన్నేనని చెప్పాను. బానిసలకు ఇవ్వలేదని చెప్పాను, ఆ మాట చెబుతున్నప్పుడు ఘనా అబ్బాయి నవ్వు ఆగిపోవడం చూశాను. తెలియనివాటిని తెలియదని చెప్పి, బోర్డుమీద రాశాను. బోర్డు నిండిపోయింది. చివర్లో పోలండు పిల్ల, “గెలిచాక పదమూడూ ఒకే దేశంగా ఎందుకు కలిశాయి? ఎవరి దారి వాళ్ళు చూసుకోవచ్చుగా?” అని అడిగింది. దానికి చెప్పాల్సిన జవాబు నా పాఠం ప్లానులో చివరి అయిదు నిమిషాల్లో ఉంది: మొదట ఊరికే పేరుకు కలిసి ఉండటం, అప్పులు, తగాదాలు, తర్వాత రాజ్యాంగం రాసుకోవడం. కానీ మా రాష్ట్రం రెండుగా చీలిన ఏడాది నేను స్టాఫ్‌రూమ్‌లో ఉన్నాను. విడిపోవడం గురించి నాకు తెలిసినంతగా కలవడం గురించి తెలియదు. “ఆ పని యుద్ధంకంటే కష్టమైంది” అని మాత్రం అనగలిగాను. గంట మోగింది. కొత్త దేశం ఏర్పడకుండానే పిల్లలు సంచులు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన తల పట్టుకున్నారు.

“టెస్ట్ చేశానని అనుండొచ్చు గదా. ఆ పిల్ల నోటి దగ్గరికి అందిస్తే కూడా వద్దన్నావా?”

“అబద్ధం కదా.”

“ఇంటర్వ్యూలో నిజం ఎవురు చెప్తారు? నేను చెప్పుంటే మనం ఈ దేశానికే వచ్చుండం.”

అన్నం సహించలేదు. ఆ సాయంత్రం కూర్చుని చదివితే, ఆ టీ చైనా కొండల్లోదని, ఇంగ్లండులో పిల్లలకు కూడా తెలిసిన సంగతేనని తేలింది. కంపెనీ అప్పటికి మా తెలుగు దేశంలో మచిలీపట్నం వైపు శిస్తు వసూలు చేసుకుంటోంది. అంటే ఆ పెట్టెల్లో ఆకు మాది కాదు గానీ, కంపెనీ ఖజానాలో మావాళ్ళ చెమట కొంత ఉంది. ఆ మాట క్లాసులో చెప్పి ఉంటే ఎంత బావుండేది! జ్ఞానం నాకెప్పుడూ గంట మోగాకే వస్తుంది.

మర్నాడు బడి అయ్యాక హెడ్ తన గదికి పిలిచింది. టీ తాగుతారా అని అడిగింది. వద్దన్నాను. ఉద్యోగం ఆ రెండో అమ్మాయికి ఇచ్చామని సూటిగా చెప్పింది. అందుకు ఆవిడను మెచ్చుకోవాలి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కిటికీలోంచి బస్సుల్ని చూస్తున్నట్టు నటించాను.

“టీ తప్పు చెప్పాను” అన్నాను.

“టీ గురించి కాదు. అలాంటివి నేనూ చాలా చెప్పాను. మీ మొదటి ఇరవై నిమిషాల వల్ల పోయింది” అంది.

నాకు అర్థం కాలేదు. ఆ ఇరవై నిమిషాలే కదా నేను బాగా చెప్పింది! నా పదకొండేళ్ళ విద్య అంతా అందులోనే ఉంది. ఆవిడ తన కాగితం తిప్పి చూసుకుంది.

“వాళ్ళు మీరు కోరుకున్న మాటలే అన్నారు, చాలా గట్టిగా అన్నారు. వాళ్ళకు ఏం అర్థమైందో, ఏం కాలేదో వెనక కూర్చున్న నాకు ఒక్క ముక్క తెలియలేదు. మీకూ తెలిసి ఉండదు. ఆ అమ్మాయి అడిగిన దగ్గర్నుంచి మాత్రం నేను రాసుకోవడం మానేసి విన్నాను. పాఠమంతా అలా నడిచుంటే మేం రెండో మనిషి గురించి ఆలోచించేవాళ్ళం కాదు.”

బాగుందనుకున్నదే నన్ను ముంచిందని, మునిగాననుకున్న చోటే తేలానని అర్థమవడానికి నాకు బస్‌స్టాప్ దాకా నడవాల్సి వచ్చింది. కోపం వచ్చింది. ఆవిడకేం తెలుసు, అరవైమందిని ఒక గదిలో పెట్టి చూడమను, అనుకున్నాను. ఆవిడ చెప్పింది నిజమని కూడా తెలుసు. రెండూ ఒకేసారి తెలియడం సుఖంగా ఉండదు. వేసవిలో ఇంకో పోస్టు రావచ్చు, మళ్ళీ పెట్టండి అని చివర్లో అంది. పెడతానో లేదో చెప్పకుండా వచ్చేశాను.

శనివారం పొద్దున తలుపు కొట్టారు. అనంతపురం ఆవిడ, పక్కన కూతురు. తల్లి చేతిలో వేడివేడి ఓళిగల డబ్బా ఉంది, అవే బొబ్బట్లు. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే నిలబడింది.

“అక్కా, జరిగిందంతా ఇప్పుడు తెలిసింది. ఆంటీకి సాయం చెయ్యమని చెప్పి పంపిస్తే, అందరి ముందర నీ తప్పు పట్టిందంట. ఏమన్నా ఉంటే ఇంటికాడ అడగొచ్చు గదా? నోరు మూసుకోని కూచోమంటే వినదు. ఆంటీకి సారీ చెప్పు” అంటూ కూతుర్ని ముందుకు తోసింది.

ఆ పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి. బూట్లకేసి చూస్తూ, “ఐయామ్ సారీ, మిస్. ఐ వోంట్ ఆస్క్ ఎనీమోర్” అంది. తర్వాత తలెత్తి, “ఆ జాబ్... నేను అడిగినందుకే రాలేదా?” అని అడిగింది.

లోపల మా ఆయన టీవీ సౌండు తగ్గించారు. నేను ఏమంటానోనని తల్లి కూడా చూస్తోంది. పాపం పిల్ల, ఏంలేదులే అని తల నిమిరి పంపించేస్తే మర్యాదగా ముగిసిపోయేది. కానీ ఆ పిల్ల ఇక ఎక్కడా చెయ్యెత్తదు.

“నువ్వు అడిగినందుకే” అన్నాను తెలుగులో. “కానీ ఆలస్యంగా అడిగినందుకు. ఇంకో ఇరవై నిమిషాలు ముందు అడిగుంటే ఆ ఉద్యోగం నాకే వచ్చేది.”